అర్థాల మీద అరచెయ్యి

మా అత్తగారు పోయిన నెలలో వెళ్ళిపోయారు. ఆ కబురు అందిన వేళకి నేను యూనివర్సిటీలో మా గైడు గారి గది బయట కుర్చీలో కూర్చుని, ఆరునెలల రిపోర్టు చూపించడానికి నా వంతు కోసం ఎదురుచూస్తున్నాను. ఫోను సైలెంట్‌లో ఉంది. ఎందుకో తీసి చూస్తే మా ఆయన నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే ఆయన "అమ్మ..." అని ఆగిపోయారు. పక్కింటి పిన్నిగారు ఫోను అందుకున్నారు.

"కంగారు పడకమ్మా. బస్సెక్కి జాగర్తగా వచ్చెయ్. మీ అత్తగారు ప్రభువు దగ్గరికెళ్ళిపోయేరు."

"ఆయ్," అన్నాను. రిపోర్టు సంచీలో పెట్టుకుని లేచాను.

కాకినాడ నుంచి రాజోలు దాకా బస్సులో నాకు ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన. పొద్దున్న బయల్దేరేముందు ఆవిడ మొహం సరిగ్గా చూశానా? పెదవి ఒకపక్కకి జారి ఉందా? "వెళ్ళొస్తానండి" అంటే తలూపారు కదా, ఆ ఊపడంలో ఏమైనా తేడా ఉందా? రెండున్నరేళ్ళుగా నాకు ఇదే అలవాటు. ఎదురుగా ఉన్న మనిషి మాటలో తడబాటు వెతకడం. ఈ అలవాటు ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే ఇంగ్లీషు మాటల దగ్గర మొదలుపెట్టాలి.

నేను జువాలజీ చదువుకున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఊరికి దగ్గర్లోని డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేదాన్ని. పీహెచ్‌డీలో చేరకపోతే వచ్చే ఏడాది నుంచి కాంట్రాక్టు పొడిగించడం కష్టమని ఒకరోజు ప్రిన్సిపాల్ గారు మెత్తగానే చెప్పారు. ప్రవేశపరీక్ష అప్పటికే రెండుసార్లు రాసి ఉన్నాను. రెండుసార్లూ సబ్జెక్టులో మంచి మార్కులు, ఇంగ్లీషు భాగంలో రెండేసి మార్కుల దూరంలో ఆగిపోవడం. ఈ మాటకి సమానార్థకం ఏది, ఆ మాటకి వ్యతిరేకం ఏది అని ఇరవై ప్రశ్నలుంటాయి. తప్పు రాస్తే ఉన్న మార్కుల్లోంచి కోత. ఆ ఇరవై ప్రశ్నలు నా నిద్ర పాడుచేశాయి. క్లాసులో కప్ప గుండె బొమ్మ గీస్తూ మధ్యలో ఏదో మాట అర్థం గుర్తురాక చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయేదాన్ని.

రెండోసారి ఫలితం వచ్చిన రోజు వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. అత్తగారు దొడ్లో కొబ్బరాకుల నుంచి ఈనెలు చీరుతున్నారు. చీపుర్లు కట్టి చుట్టుపక్కల ఇళ్ళకి ఇవ్వడం ఆవిడ సరదా.

"ఏ మాటకి పోయిందమ్మాయ్?" అని అడిగారు.

చెప్పాను. 'శాంగ్విన్' అని వచ్చింది. సైన్సు చదివినదాన్ని కదా, రక్తానికి సంబంధించినది అని పెట్టాను. కాదట, ఆశతో ఉండేవాడు అని అర్థమట.

ఆవిడ కత్తి ఆపి ఆలోచించారు. "ఒంట్లో రక్తం ఉన్నోడికే ఆశుంటాది. రెండూ ఒకటే. దిద్దినోడికి తెలీలేదు," అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు అయ్యేలోగానే, "నువ్వు మాటలు రాసుకున్న పుస్తకం తెచ్చి నాకియ్యి. రేపట్నించి నేనడుగుతాను, నువ్వు చెబుదువు గాని," అన్నారు.

ఆవిడ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. కాలం చేసిన మామయ్యగారి వైపూ ఆవిడ వైపూ అందరూ ఒకప్పుడు పొలం పనులు చేసినవాళ్ళే. ఆవిడ చర్చి బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత ఊడ్పులకీ కోతలకీ వెళ్ళారు. పెళ్ళయ్యాక అంగన్‌వాడీలో ఆయాగా చేరి పిల్లలతో ఏబీసీడీలు పాడించారు. కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారూ వచ్చు. నాలుగు కలిపితే మాత్రం చదవడం రాదు.

అందుకని ఆవిడ అక్షరాలే చదివేవారు. సాయంత్రం నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసరికి, నోట్‌బుక్కుని ఈనెల మోపుకి ఆనించుకుని, కళ్ళజోడు ముక్కు చివరకి దించి, "ఏ... బీ... ఏ... టీ... ఈ" అనేవారు. ఆ అక్షరాల్ని నేను చెవితో కూర్చుకుని, "అబేట్. తగ్గడం" అనాలి. పక్కన నేను తెలుగులో రాసుకున్న అర్థం చూసి, "ఆయ్, తగ్గడమే" అనేవారు. అంతటితో వదిలేవారు కాదు. "దేనికి వాడతారు? మన గోదారికి వాడొచ్చా? వరద తగ్గినప్పుడు?" వాడొచ్చండీ అంటే ఎంతో సంతోషం.

ప్రతి మాటకీ ఊళ్ళో ఒక మనిషినో ఒక సంగతినో తగిలించేవారు. వసపిట్టలా మాట్లాడేవాళ్ళని చెప్పే మాట పాలు పోసే ఆవిడకి వెళ్ళింది. మొండివాళ్ళని చెప్పే మాట వచ్చినప్పుడు నా వైపు చూసి ఊరుకునేవారు. 'రెటిసెంట్' అంటే తక్కువ మాట్లాడేవాడు అన్నప్పుడు, "మీ మావయ్యగారు," అన్నారు ఠక్కున. "ముప్ఫయ్యేళ్ళ కాపురంలో నన్ను పేరెట్టి పిలిచింది రెండుసార్లు. ఒకసారి ఇంట్లో పాము దూరినప్పుడు." రెండోసారి ఎప్పుడండీ అంటే చెప్పలేదు.

నేను తప్పు చెప్పి తల పట్టుకున్నప్పుడల్లా ఒకటే మాట అనేవారు: "రాలేదంటే ఇక రాదని కాదు. ఇంకా రాలేదంతే." అంగన్‌వాడీ పిల్లల తల్లులతో అని అని అలవాటైన మాట అది.

అలా ఐదు నెలలు. మూడోసారి పరీక్ష వారంలోకి వచ్చింది. అదే ఆఖరి అవకాశమని నాకు నేనే తీర్మానించుకున్నాను. అన్నం సయించేది కాదు. అరచేతులు చెమట పట్టి నోట్‌బుక్కు అంచులు మెత్తబడిపోయాయి.

ఒక సాయంత్రం ఆవిడ, "ఎల్... యూ..." అని ఆగి, మళ్ళీ "ఎల్... యూ... ఎల్..." అన్నారు.

"అదేంటండీ, అలాంటి మాట లేదు. కళ్ళజోడు తుడుచుకోండి," అన్నాను.

తుడుచుకున్నారు. మళ్ళీ అదే. ఆ మర్నాడు అక్షరాలు ఇంకా కలగాపులగం అయ్యాయి. 'ఎమ్' అనాల్సిన చోట 'డబ్ల్యూ' అంటున్నారు. చూస్తే పుస్తకం తలకిందులుగా ఉంది. నాకు ఎక్కడలేని విసుగూ ముంచుకొచ్చింది. "అత్తయ్యగారూ, నాకు టైము లేదండీ. ఇలా అయితే ఉన్నది కూడా మర్చిపోతాను. ఇలా ఇవ్వండి, నేనే చదువుకుంటాను," అని పుస్తకం లాక్కున్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "ఆయ్," అన్నారు. కొత్తవాళ్ళతో అన్నట్టు అన్నారు. లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళారు. గోడ ఎందుకు పట్టుకున్నారని నాకు తట్టలేదు.

తెల్లారి కాఫీ గ్లాసు ఆవిడ కుడిచేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. మా ఆయనా నేనూ ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారంతా ఆవిడ తల నా భుజం మీదే ఉంది. డాక్టరు గారు స్కానింగు చూసి, "పక్షవాతం అండీ. ముందుగా చిన్నది వచ్చి ఉండాలి. రెండు మూడు రోజుల నుంచి మాట తడబడ్డం గానీ, చూసినది పోల్చుకోలేకపోవడం గానీ ఏమైనా గమనించేరా?" అని అడిగారు.

మా ఆయన, "లేదండీ, బాగానే ఉంది," అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆ మౌనం నా జీవితంలో నేను చెప్పిన పెద్ద అబద్ధం.

పరీక్ష నాలుగు రోజుల్లో ఉంది. రాయనని చెప్పేశాను. మా ఆయన, "నీ ఇష్టం. నేను చెప్పేదేముంది," అన్నారు. ఆయన కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉన్నాను. మాట పూర్తిగా పడిపోయింది. గొంతులో ఏదో శబ్దం మాత్రం వస్తోంది. ఎడంచేత్తో నా సంచీ వైపు చూపించారు. నీళ్ళ సీసా తీసిచ్చాను. కాదన్నట్టు తల తిప్పారు. దువ్వెన తీశాను. కాదు. ఫోను. కాదు. ఆవిడకి కోపం వస్తోంది. ఆఖరికి సంచీ మొత్తం దుప్పటి మీద కుమ్మరించాను. ఆవిడ చెయ్యి వెళ్ళి నోట్‌బుక్కు మీద పడింది.

తెరిచి ముందు పెట్టాను. ఆవిడ అరచెయ్యి కిందికీ పైకీ తడుముకుని, తెలుగు అర్థాలు రాసిన వరస మీదికి వచ్చి, దాన్ని కప్పేసింది. తర్వాత నా వైపు చూశారు.

అడుగుతున్నారు. నోట్లో అక్షరం లేదు గానీ అడుగుతున్నారు.

మొదటి మాటకి అర్థం చెప్పాను. అరచెయ్యి ఒక అంగుళం కిందికి జరిపి చూశారు. చదవగలిగారో లేదో నాకు తెలియదు. తలూపారు. రెండో మాట. మూడోది చెప్పలేకపోయాను. చెయ్యి తియ్యలేదు, అలాగే ఉంచారు, గుర్తొచ్చేదాకా. పక్క మంచం తాలూకు మనుషులు మమ్మల్నే చూస్తున్నారు. నర్సు వచ్చి, "ఏంటండీ ఇది, పేషెంటుకి రెస్టు ఇవ్వరా?" అంది. ఆవిడ నర్సు వైపు చూసిన చూపుకి ఆ అమ్మాయి సెలైను సరిచేసి వెళ్ళిపోయింది.

పరీక్షకి వెళ్ళాను. ఆవిడ దగ్గర మా ఆయన ఉన్నారు. కంప్యూటర్ల హాల్లో చలికి వేళ్ళు కొయ్యబారాయి. ఇంగ్లీషు భాగం తెరుచుకోగానే మొదటి నాలుగు మాటలూ ఎన్నడూ చూడనట్టే అనిపించాయి. కళ్ళు మూసుకుని, ఒక్కో అక్షరం పెదాలతో పలికాను, ఆవిడ లాగానే, మధ్యలో ఆగుతూ. పర్యవేక్షకురాలు దగ్గరికి వచ్చి, "మేడమ్, లోపల చదువుకోండి," అన్నారు. "ఆయ్, సారీ అండీ," అన్నాను. మళ్ళీ అలాగే పలికాను, ఇంకా చిన్నగా. తెలియనివి నాలుగు వదిలేశాను. బయటికి వచ్చాక ఏవి పెట్టానో ఒక్కటీ గుర్తులేదు.

ఈసారి గట్టెక్కాను, మూడు మార్కుల తేడాతో. ఇంటర్వ్యూ అయ్యింది. కొబ్బరి ఆకుల్ని పీల్చేసే తెల్లదోమ మీద పరిశోధనకి సీటు వచ్చింది. ఫలితం చెప్పినప్పుడు ఆవిడ ఎడంచెయ్యి నా తల మీద వేశారు. అందరూ నన్ను అభినందిస్తుంటే నాకు మాత్రం డాక్టరు గారి ప్రశ్నే వినిపిస్తూ ఉండేది.

మాట తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. వచ్చినా అన్నీ రాలేదు. ఉప్పు అనబోయి గొడుగు అనేవారు. తప్పు వచ్చిందని ఆవిడకే తెలిసిపోయి, మంచం కోడు మీద కొట్టేవారు. "ఇంకా రాలేదంతేనండీ," అంటే, కోపంలోనే నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి చెప్పేశాను. "ఆ రెండ్రోజులూ మీరు అక్షరాలు తప్పు చదివేరు. నేను చూసేను. విసుక్కున్నాను గాని ఆలోచించలేదు. అప్పుడే తీసుకెళ్ళి ఉంటే మీ చెయ్యి బాగుండేదేమో."

ఆవిడ ఎడంచేత్తో కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు. మాటల్ని ఒక్కొక్కటిగా ఏరుకుంటూ అన్నారు: "చెయ్యి... తిమ్మిరి. ముందే. నాకు... తెలుసు." ఇంకో మాట వెతుక్కుని, "నీ పరీచ్ఛ," అన్నారు.

అంటే ఆవిడకి తెలుసు. చెబితే నేను చదువు మానేసి ఆసుపత్రి చుట్టూ తిరుగుతానని దాచిపెట్టారు. ఆ మాటతో నా తప్పు తేలికవుతుందని ఆవిడ అనుకుని ఉండవచ్చు. కాలేదు. మా ఇద్దరిలో ఒక్కరైనా పరీక్ష కంటే మనిషి పెద్దదని అనుకుని ఉండాల్సింది. ఆవిడకి ఆ సంగతి చెప్పాను కూడా. "ఆయ్," అన్నారు. ఈసారి నా మనిషిలాగే అన్నారు. అప్పట్నించి ఒంట్లో ఏ కాస్త నలతగా ఉన్నా దాచకుండా చెబుతానని మాట ఇచ్చారు, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు కూడా. చివరి పొద్దున మాత్రం చెప్పే వ్యవధి ఆవిడకీ దొరకలేదు. నేను వెళ్ళాక మళ్ళీ పడుకుని, గంటకి నిద్రలోనే పోయారని మా ఆయన అన్నారు. నేను ఎంత వెతికినా అందులో దొరికే గుర్తు ఏదీ లేదట. నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను.

ఆవిడ పోవడానికి ముందటి ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. చర్చి నుంచి వచ్చాక, నేను దొడ్లో పొట్టి కొబ్బరి చెట్టు దగ్గర తెల్లదోమ వలయాలు లెక్కపెట్టాలి. ఆకు అడుగున ఈ పురుగు తెల్లటి మైనంతో సుళ్ళు సుళ్ళుగా గుడ్లు పెడుతుంది. ఆవిడ కుర్చీ అక్కడ వేయమన్నారు. నేను ఆకు మట్ట వంచి పట్టుకుంటే, ఆవిడ ఎడంచేత్తో ఒక్కో రెబ్బనీ వెనక్కి తిప్పి, కళ్ళు చిట్లించి, సుడికొకసారి వేలితో తడుతున్నారు. నేను రాసుకుంటున్నాను. గాలి వీచినప్పుడల్లా ఆ తెల్లటి పొడి రాలి ఆవిడ జుట్టు మీదా కనుబొమల మీదా పడుతోంది. దులుపుతానని చెయ్యి చాపితే, వద్దని తల అడ్డంగా ఊపి, ఇంకో రెబ్బ పట్టుకుని ఎండ వైపు తిప్పారు.