గారెల వాసన వేసిన కాగడాలు

చదువుకునే రోజుల్లో, మనకు తెలియని విషయం ఈ లోకంలో ఒకటుంటుందంటే నమ్మబుద్ధి కాదు. నాకైతే అసలే కాదు. కొలకలూరు నుంచి వడ్లమూడికి రోజూ బస్సులో వెళ్ళి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ వెలగబెడుతున్న కాలమది. అయినా ఇంట్లో ఫ్యాను ఆగితే నాన్న నన్ను పక్కన పెట్టి తెనాలి నుంచి మెకానిక్‌ను పిలిపించేవాడు. "దాని చదువు పూర్తవనీరా, ఇప్పుడే ముట్టుకుంటే షాక్ కొడుతుంది" అనేది నాయనమ్మ. (నన్ను వెనకేసుకొస్తున్నానని ఆవిడ నమ్మకం.)

అలాంటి రోజుల్లో మా అక్క నిశ్చితార్థం వచ్చింది. రేపల్లె సంబంధం. సాయంత్రం మా వాకిట్లోనే భోజనాలు. మధ్యాహ్నం గాలివాన కొట్టి వెలిసింది గానీ, పోతూపోతూ ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చిపోయింది. జనరేటర్ తెస్తానన్న మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు. పెళ్ళికొడుకు పెదనాన్నగారు మర్యాదల దగ్గర మహా పట్టింపు మనిషని ముందే విన్నాం. చీకట్లో విస్తళ్ళు వేస్తే సంబంధమే చెడుతుందేమోనని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చూడగానే నాలోని ఇంజనీరు నిద్రలేచింది.

ఎప్పుడో ఫోన్‌లో చూసిన వీడియో గుర్తుకొచ్చింది. ఖాళీ పాలపొడి డబ్బాలన్నీ పోగుచేసి, పందిరికి మిగిలిన వెదురు కర్రల చివర తీగతో గట్టిగా బిగించాను. నాన్న పాత పంచెలు చింపి, లావుపాటి ఒత్తులు పేని నిలబెట్టాను. ఇక నూనె కావాలి. పొద్దున ఇంట్లోవాళ్ళ టిఫిన్‌కు గారెలు వండగా మిగిలింది పెద్ద మూకుడు నిండా ఉంది. "ఒసేయ్, అది పోపులకే!" అని నాయనమ్మ అరిచేసరికి డబ్బాల్లో పోయడం కూడా అయిపోయింది.

"కరెంటు చదువు చదివి కాగడాలు చేస్తున్నావేంటే? ఊళ్ళో నవ్వుతారు" అన్నాడు నాన్న.

"వెలిగాక నవ్వమను నాన్నా."

వెలిగాయి! వాకిలి చుట్టూ బారుగా నిలబడి, పెళ్ళివారు కారు దిగేసరికి బంగారంలా వెలిగాయి. నా గర్వం ఇంతా అంతా కాదు. బొబ్బట్లు, పులిహోర, కూరలు, పెరుగు అన్నీ వడ్డించారు. తినడం అయిపోయింది. కానీ ఎవరూ లేవరే!

"గారెలు కూడా రానివ్వండి బావగారూ, మాకేం తొందర లేదు" అన్నారు పెదనాన్నగారు.

నాన్న తెల్లబోయాడు. "గారెలాండి?"

"వాసన వస్తంది కదండీ, ఇందాకట్నుంచీ."

వాకిలంతా గారెల వాసన గుప్పుమంటోంది. నాన్న నావైపు చూసిన చూపుకు కాగడాలు ఆరిపోవాలి నిజానికి. గారెలు ఉన్నాయా అంటే లేవు. లేవంటే పరువు ఉండదు. నాయనమ్మ మాత్రం చలించలేదు. పొద్దున మిగిలిన పిండి తీసి, కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించి, పొయ్యి ముందు కూర్చుంది. వేడివేడి గారెలు వరసగా విస్తళ్ళలోకి నడిచాయి.

పెదనాన్నగారు తృప్తిగా తేన్చి, "లైటింగ్ ఎవరు పెట్టించారండీ? ఇట్టాంటిది మా రేపల్లెలో చూళ్ళేదు" అన్నారు.

"పెట్టించడమేంటండి, మా చిన్నమ్మాయి సొంతంగా చేసింది. ఎలక్ట్రికల్ ఇంజనీరండి" అన్నాడు నాన్న, ఛాతీ విరుచుకుని. (నాకింకా రెండు సబ్జెక్టులు మిగిలున్నాయన్న సంగతి మింగేశాడు.) ఆ మాట విని నేను వంటింట్లోకి పోయి ఏడ్చేశాను, సంతోషంతోనే.

ఇప్పుడు నా ఉద్యోగం పెద్ద పెద్ద హోటళ్ళకు దీపాలు అమర్చడం. పంచె పీలికలతో, నూనె చేతులతో నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. నా దీపాలు బాగున్నాయని చాలామంది అంటారు. వాటిని చూసి ఆకలేసిందని మాత్రం మళ్ళీ ఎవరూ అనలేదు.