మునెమ్మ తిట్లకు రిజిస్ట్రేషన్

తిరుపతి బస్టాండు దగ్గర ఉడకేసిన చెనిక్కాయలు అమ్మే మునెమ్మ నోటికి జడిసి రౌడీలు కూడా డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్లు. ఊరందరినీ ఒక పూట తిడితే మొగుడు మునస్వామిని మూడు పూటలా తిట్టేది. అదీ ఊరకే కాదు, వరస కట్టి, ప్రాస కుదిర్చి మరీ తిట్టేది. ఏం మనిషమ్మా!

మునస్వామి పంబ వాయిస్తాడు. గంగజాతరలో వేషాలు కట్టినవాళ్లు ఎదురొచ్చినవాళ్లనల్లా తిడతారు. తిట్టించుకున్నవాళ్లు గంగమ్మ తల్లే దీవించిందని సంబరపడతారు. ఆ మహానుభావుడు ఇంట్లో తిన్న తిట్లనే జాతరలో పంబ మీద పాడేసి ఇరవై ఏళ్లుగా శభాష్ అనిపించుకుంటున్నాడు. "యాడ నేర్చినావప్పా?" అని ఎవరైనా అడిగితే, "అమ్మ పలికిస్తాది" అని దణ్ణం పెట్టేవాడు. మునెమ్మకు ఒళ్లు మండిపోయేది.

ఎనభై నాలుగులో, రేడియోలు బాగుచేసే సుభాన్ బాషా ఆ పాటను టేపు చేసి క్యాసెట్లు వేశాడు. టీ అంగళ్ల నుంచి కాళహస్తి బస్సుల దాకా అదే మోత. పాట వేసుకున్న హోటళ్ల దగ్గర రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం బొంబాయిలో ఉందనీ, టేపును అక్కడ రిజిస్టర్ చేయించాలనీ తెలిసి బాషా ఫారం తెప్పించాడు. టేపు సొంతదారు సుభాన్ బాషా. పాడింది మునస్వామి. మరి రచన? మునస్వామి చెంపలేసుకుని "గంగమ్మ" అన్నాడు. బాషా భక్తిగా 'శ్రీమతి గంగమ్మ' అని రాసేశాడు.

నెలకు జవాబొచ్చింది. బాషా దాన్ని బస్టాండులోనే చదివి తెలుగులో చెప్పాడు. గంగమ్మగారి సంతకం కావాలట. ఆమె కాలం చేసి ఉంటే డెత్ సర్టిఫికెట్టు, వారసుల వివరాలు పంపాలట.

మునస్వామి నోరెళ్లబెట్టాడు. "అమ్మోరికి డెత్ సర్టిఫికెట్టా! మున్సిపాలిటీలో అడిగితే తంతారబ్బా!"

మునెమ్మ గంపను దభీమని దించింది. "సచ్చిందీ లేదు, గిచ్చిందీ లేదు. పాట కట్టిందాన్ని ఈడే ఉండా! నిన్ను తిట్టీ తిట్టీ నోరు నొప్పి పుట్టింది నాకు, పేరేమో అమ్మోరికా? ఆయమ్మ గానీ నీతో కాపరం జేసిందా?"

బస్సెక్కబోయేవాళ్లు కూడా ఆగి విన్నారు.

"అది గాదే, పెండ్లాం తిట్లని తెలిస్తే నా మర్యాద ఏం గావాల?"

"ఉంటే గదా పొయ్యేదానికి! బాషన్నా, నా పేరు రాయి. ఏలిముద్ర ఏస్తా."

"నీకు రాసేది రాదు గదక్కా, రచన అని ఎట్ల రాసేది?"

"తిట్టింది మునెమ్మ అని రాయి!"

బాషా మాత్రం 'రచన' అనే రాశాడు. దసరా ముందు బొంబాయి కాగితం వచ్చింది. రచన: శ్రీమతి మునెమ్మ. ఆ ఒక్క ముక్కనూ మునెమ్మ బాషా చేత నాలుగుసార్లు చదివించుకుంది. రాయల్టీ ఎంతొస్తుందని అడగను కూడా లేదు. కాగితాన్ని పొట్లాలు కట్టే పేపర్లలో కలిసిపోకుండా రవికలో దోపుకుంది.

మునస్వామికి రెండో క్యాసెట్టు మీద ఆశ పుట్టింది. బాషా టేపు రికార్డరు అడిగి తెచ్చి, బటన్ నొక్కి, పెళ్లాం ఎదురుగా కూర్చున్నాడు.

"ఊఁ, తిట్టవే."

మునెమ్మ నోరు తెరిచింది. ఎంతసేపు వెతుక్కున్నా ఒక్క తిట్టూ దొరకలేదు. "ఏమయ్యా, అన్నం తిన్నావా?" అంది.

టేపులో అదే పడింది.