నీళ్ల ముందు పరుగు

ఎండిన మట్టిని మొదటి నీళ్లు తాకినప్పుడు లేచే వాసన వానది ఒక రకం, కాలువది ఇంకో రకం. వాన వాసన అందరికీ తెలుసు. కాలువ వాసనలో ఎండుతుంగ, గొర్రెల పెంట, నిరుటి నాచు, చచ్చిన నత్తగుల్లలు అన్నీ కలిసి ఉంటాయి, కొంచెం కంపే అనుకోండి, అయినా నాకది ప్రాణం. పోయిన నెల ఎల్లారెడ్డి దగ్గర మా ఊరికి వెళ్లి, పొద్దున్నే పెద్దకాలువ గట్టు మీద మెల్లగా పరుగెడుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. యాసంగి పంటకు ప్రాజెక్టు నీళ్లు వదిలారు. మోకాలి నొప్పి, కోచ్ గారు చెప్పిన జాగ్రత్తలు అన్నీ మరిచిపోయి నీళ్ల వెంట ఉరికాను.

నిజానికి నేను ఊరికి వెళ్లింది సెలవుకు కాదు, ఒక సంగతి తేల్చుకోవడానికి. ఎనిమిది వందల మీటర్లు, అంటే మైదానం చుట్టూ రెండు రౌండ్లు, ఇన్నేళ్లూ నా బతుకంతా అదే. ముప్పై దాటి నాలుగేళ్లయింది, ఈ పరుగులో ఆ వయసుకు ముసలమ్మ కిందే లెక్క. ఇంకో ఏడాది ఇందులోనే ఈడ్చుకురావచ్చు, వెనక నుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతాను. పెద్ద దూరాలకు మారవచ్చు, మోకాలు ఒప్పుకోవాలి. లేదంటే పేసర్‌గా ఉండమన్నారు కోచ్ గారు. పేసర్ అంటే ముందుండి వేగం పట్టి ఇచ్చే మనిషి. వెనక వచ్చే అమ్మాయికి మంచి టైమ్ రావాలని మొదటి రౌండూ, ఆపైన ఇంకాస్త దూరమూ లాగి, పక్కకు తప్పుకుని గడ్డిలో నిలబడాలి. ఫలితాల్లో పేరుకు ఎదురుగా 'పూర్తి చేయలేదు' అని ఉంటుంది. ఆ వెనక వచ్చే అమ్మాయి ఎవరో కాదు, రెండేళ్లుగా నన్ను ఓడిస్తున్న పిట్లం ఊరి పిల్ల. వినగానే నాకు ఒళ్లు మండింది, దాచుకోవడమెందుకు!

మా పొలం పిల్లకాలువకు చిట్టచివరన ఉండేది. చివరి పొలానికి నీళ్ల వంతు వచ్చిందంటే ఆ రోజు బడి లేదు, పొద్దు పొడవకముందే మా అమ్మ, ఆమెను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం, జొన్నరొట్టెలు కొట్టి, పచ్చిమిరపకాయ తొక్కు నూరి, రెండు ఉల్లిగడ్డలు వేసి గుడ్డలో మూటకట్టేది. మా నాన్న, బాపు, పార భుజాన వేసుకుని మడి దగ్గరికి, అవ్వ గడ్డి చెక్కడానికి ఒరాల మీదికి, అంటే పొలం గట్ల మీదికి పోతే, తూము దగ్గర్నుంచి మా పొలం దాకా నీళ్లను తెచ్చే పని నా వంతు. నీళ్లను తేవడమంటే, ఎండిన పిల్లకాలువలో నీళ్లకు ముందు ఉరుకుతూ, అడ్డంపడ్డ మోదుగాకులు, తుమ్మకంప తీసి పారేస్తూ, దారిలో వేరేవాళ్ల మడి నోళ్లు బంకమట్టితో మూస్తూ, ఎలుక బొక్క కనబడితే మడమతో తొక్కి పూడుస్తూ పోవడం. ఊరందరికీ నీళ్లు పంచే నీరటి తాత తూము ఎత్తే ముందు ప్రతిసారీ నాకు ఒకటే పాఠం చెప్పేవాడు.

"ఎన్కకు సూస్కుంట ఉరుకాలె బిడ్డా. నీళ్లు నీ కండ్లకు కనవడాలె. మరీ ముంగటికి వోతివా, ఎన్క ఎవడో ఒకడు గండి గొడ్తడు."

నీళ్లు మొదట భలే బద్ధకంగా వచ్చేవి, నేల నెర్రెలన్నీ నింపి నింపి, ఎండుటాకులను, నురగను, బెదిరిపోయిన చీమలను ముందుకు నెట్టుకుంటూ. అవి నెమ్మదిస్తే నేనూ నెమ్మదించేదాన్ని, ఒరం మీద తునికిచెట్టు కనబడితే నాలుగు పండ్లు రాల్చుకుని నములుతూ ఆగేదాన్ని, గలగలమని వేగం పుంజుకున్నాయంటే లంగా ఎగదోపుకుని లగెత్తేదాన్ని. మా మడి రాగానే కాలువలోంచి పక్కకు ఎగిరి దుంకాలి, లేకపోతే కాళ్ల మధ్య చెత్త చిక్కి నీళ్లు పొర్లిపోతాయి. నా పక్కనుంచి నీళ్లు బాపు తవ్విన నోట్లోకి మళ్లడం, ఎక్కడినుంచో కొంగలు దిగడం, బాపు మీసాల కింద నవ్వడం అన్నీ ఒక్కసారే జరిగేవి. ఆ తర్వాత తడికాళ్లతో ఒరం మీద కూచుని తిన్న రొట్టె రుచి, ఎన్ని పెద్ద ఊళ్ల క్యాంపుల్లో ఎన్ని రకాలు తిన్నా నాకు మళ్లీ దొరకలేదు. బతుకమ్మ పండక్కి అవ్వ చేసే మక్కల సత్తుపిండి ఒక్కటే దానికి సాటి.

బడిలో పీటీ సార్ నా ఉరుకుడు చూసి కామారెడ్డిలో జిల్లా ఆటలకు తీసుకెళ్లాడు. బస్టాండు దగ్గర మిర్చిబజ్జీల వాసన, ఆటోల రొద, సున్నంతో గీతలు గీసిన అంత పెద్ద మైదానం, చూసి నోరు తెరిచాను. పరుగు మొదలవగానే ముందుకొచ్చేశాను. వచ్చి, అలవాటు కొద్దీ వెనక్కి చూశాను. పిల్లలు మరీ దూరమయ్యారు. నెమ్మదించాను. వాళ్లు దగ్గరికొస్తే మళ్లీ ఉరికాను, వెనకబడితే మళ్లీ ఆగాను. జనం అరుస్తున్నారు, మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను. చివరి గీత ఇంకో నాలుగు అంగల్లో ఉందనగా వెనక అడుగుల చప్పుడు బాగా దగ్గరైంది. పక్కకు ఎగిరి దుంకి, అందరినీ పోనిచ్చాను.

"ఏందే, పిచ్చిగిట్ల లేసిందా? గీతకాడికొచ్చి పక్కకెందుకు దుంకినవ్?" అన్నాడు పీటీ సార్.

"వాళ్లు అచ్చిండ్రు గద సార్. తొవ్వ ఇడిసిన."

సార్ తల పట్టుకుని కూలబడ్డాడు. నా నీళ్ల పని సంగతంతా విన్నాక మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, బస్టాండు దగ్గర బజ్జీలు ఇప్పించాడు. మర్నాటినుంచి వేపబరిగె పట్టుకుని మైదానం మూల నిలబడేవాడు, నా మెడ వెనక్కి తిరిగితే పిక్క మీద ఒకటి పడేది. ఆ గుణం పోవడానికి ఏళ్లు పట్టింది. పోయాకే గెలవడం మొదలుపెట్టాను. ఇప్పుడేమో, వెనక్కి చూసుకుంటూ పరుగెత్తి సగంలో తప్పుకో అంటున్నారు!

పోయిన నెల నీళ్ల వెంట ఉరికిన ఆ రోజు సాయంత్రం ఇంట్లో విషయం కదిపాను. నా అసలు భయం బాపు గురించే. నా ప్రతి పరుగునూ ఆయన సిగ్నల్ అందే వాకిట్లో నిలబడి ఫోన్లో చూస్తాడు, నేను గీత దాటేదాకా కూర్చోడు. ఆ మనిషికి నేనిక గీత దాటనని చెప్పడమెలా?

అవ్వ ఊరుకోలేదు. "నడుమల్నే ఆగేటిదానికి గంత దూరం వోవుడెందుకే?"

బాపు అంబలి తాగడం ఆపి అడిగాడు. "గా ఎన్క వచ్చేటిది ఎవరి పిల్ల?"

"పిట్లం దిక్కు బాపు. వాళ్లది గూడ ఎవుసమే."

"మంచిగ ఉరుకుతదా?"

"నాకన్న మంచిగ ఉరుకుతది."

ఆ మాట నా నోటినుంచి రావడం అదే మొదటిసారి. రెండేళ్లుగా గొంతులో ముల్లులా గుచ్చుకుంటున్నది బయటపడేసరికి నాకే ఆశ్చర్యంగా, హాయిగా అనిపించింది. "అయితే మంచిగనే ఉన్నది" అని బాపు ఇంకో గ్లాసు అంబలి అడిగాడు. మర్నాడు కోచ్ గారికి ఫోన్ చేసి సరేనన్నాను.

మా పిల్లకాలువకు ఇప్పుడు సిమెంటు పోశారు. నెర్రెలు లేవు, ఎలుక బొక్కలు లేవు, నీళ్లు ఎవరూ తేకుండానే వస్తాయి. చాలామందికి బోర్లున్నాయి, మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. నీరటి తాత పోయాక ఆ పని మళ్లీ ఎవరూ పట్టుకోలేదు, నీరటి అన్న మాటే ఇప్పటి పిల్లలకు తెలియదు. తునికిచెట్టు కూడా లేదు. నష్టమని అనలేను, బాపు నడుముకు సుఖమైంది. నాకు మాత్రం ఆ బద్ధకపు నీళ్ల మీద ఇంకా బెంగ ఉంది.

పోయిన వారమే ఆ పరుగు జరిగింది. అనుకున్న దూరం లాగి, గడ్డిలోకి తప్పుకుని, అడ్డంగా గీత దగ్గరికి వచ్చాను. ఇన్నేళ్లలో గీత దాటే మనిషి ముఖం నేనెప్పుడూ చూడలేదు, చూసే తీరిక ఎక్కడిది? పళ్లు బిగబట్టి, మెడనరాలు తేలి, ఏడుపో నవ్వో తెలియని ముఖంతో పిట్లం పిల్ల దాటింది. ఆమెకు కావాల్సిన టైమ్ వచ్చింది. అప్పుడు నేనేం చేశానో నాకు సరిగా గుర్తులేదు, రాత్రి బాపు ఫోన్ చేసి చెప్తే తెలిసింది.

"నువ్వు జరసేపే కనవడ్డవ్ బిడ్డా. ఆఖర్ల అంతా నీ లొల్లే ఇనవడ్డది. నువ్వు గెల్చినప్పుడు గూడ గంత లొల్లి జెయ్యలె."