శైలజ చేతిలో మౌస్

నిన్న ఆఫీసులో ల్యాప్‌టాప్ మీద ఫాంట్లు మారుస్తుంటే, నా క్లాస్‌మేట్ శైలజ గుర్తొచ్చి మళ్లీ కడుపు మండింది.

తొంభైల్లో నారాయణగూడలో చదివినవాళ్లూ, మన బడి కంప్యూటర్ గది గుర్తుందా? చెప్పులు బయట విప్పి వెళితే నల్ల తెర, ఒకే రకం అక్షరాలు. మౌస్ లేదు. తప్పు దిద్దాలంటే బాణం మీటలు నొక్కుకుంటూ అక్కడిదాకా పోవాలి. చిక్కడపల్లిలో శైలజ వాళ్ల నాన్న డీటీపీ సెంటర్‌లో మాత్రం వేరే రకం కంప్యూటర్ ఉండేది. శైలజ మౌస్ జరిపితే వాక్యమంతా ఎంపికై నల్లబడేది, ఇంకోసారి నొక్కితే అక్షరాలు పెళ్లికార్డులోలా వంపులు తిరిగేవి.

బడి పత్రికకు నేను రాసిన కథను తనే టైపు చేసింది.

"జర నాకియ్యవే, నా పేరుకు ఫాంట్ నేనే పెట్టుకుంట" అని బతిమాలాను.

లేచి కుర్చీ ఇచ్చింది. పేరు మీద మౌస్ జరపబోతే కథంతా నల్లబడింది. కంగారులో ఏదో మీట నొక్కాను. తెర ఖాళీ అయింది. నాకు ఏడుపొచ్చింది.

"పరేషాన్ గాకే, వస్తది" అంటూ శైలజ నా భుజం మీదుగా వంగి మౌస్ అందుకుంది. ఒక్క నొక్కుకు కథంతా తిరిగొచ్చింది.

సంతోషించాల్సింది పోయి ఇంకా కుళ్లుకున్నాను. నేను రాసిన కథ కూడా తన మాటే వింది!