స్టెంట్ పడ్డాక పాటల వాచీ కొన్నాను

ఆ రోజు పొద్దున్న మార్కెట్ యార్డులో బెల్లం దిమ్మ పగలగొట్టి రంగు చూస్తున్నాను. ఉన్నట్టుండి ఎడమ దవడ లాగింది. పన్ను నొప్పేమో అనుకున్నాను. రెండు నిమిషాల్లో చొక్కా తడిసిపోయింది, ఛాతీ మీద బస్తా దింపినట్టు బరువు. అప్పుడు కూడా నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, బేరం పూర్తిచేసి, గ్యాస్ అనుకుని సోడా తాగడం! అనకాపల్లిలో మాది బెల్లం వ్యాపారం. నలభై తొమ్మిదేళ్లు వచ్చినా నాకు జబ్బేమిటని ధీమా.

ఇంటికి రాగానే నా భార్య పద్మ నన్ను చూసి గిన్నె కింద పెట్టేసింది.

"ఏటండీ ఆ మొహం? పదండి ఆస్పత్రికి. ఇంకేటీ సెప్పకండి."

ఈసీజీ తీశారు. డ్యూటీ డాక్టరు ఆ కాగితం చూసి నాతో కాదు, పద్మతో మాట్లాడాడు. "హార్ట్ ఎటాక్ అమ్మా. వెంటనే వైజాగ్ తీసుకెళ్లాలి." అంబులెన్స్, యాంజియోగ్రామ్, మధ్యాహ్నానికి ఒక స్టెంట్. కార్డియాలజిస్టు నా మంచం దగ్గరికొచ్చి, "మీ ఆవిడ ఆలస్యం చేసి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు" అన్నారు.

అసలు జబ్బు ఇంటికొచ్చాక మొదలైంది. దాని పేరు భయం. మెట్లెక్కితే భయం, తుమ్మితే భయం. పద్మ అయితే నేను నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. నేను వీధి చివరికి వెళ్లినా అరుగు మీద కూర్చుని, తిరిగొచ్చేదాకా లేచేది కాదు.

ఆరు వారాల తర్వాత టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష చేశారు. డాక్టరు గారు సంతోషంగా ఉన్నారు. "నడవండి. కొన్నాళ్లకి మెల్లగా జాగింగ్ కూడా చెయ్యొచ్చు. కానీ హార్ట్ రేట్ నూట ఇరవై దాటనివ్వద్దు. చేతికి అది చూపించే వాచీ ఒకటి కట్టుకోండి" అన్నారు.

ఆ సాయంత్రమే వాచీ కొనేశాను. ఎలా కొన్నాననుకున్నారు? బెల్లం కొన్నట్టే! రంగు చూశాను, మెరుపు చూశాను, వేలితో నొక్కి గట్టితనం చూశాను. బంగారు రంగు, పెట్టె మీద పాట గుర్తు కూడా ఉంది. ఇంకేం కావాలి?

మర్నాడు కాలేజీ గ్రౌండుకి బయలుదేరాను. జేబులో ఫోను, చెవిలో పాట, చేతికి మెరిసే వాచీ, పెళ్లికొడుకులా ఉన్నాను. రెండో రౌండులో మా దగ్గర బెల్లం కొనే ఒడిశా పార్టీ ఫోన్ చేశాడు. నిలబడిపోయి బేరం మొదలుపెట్టాను. నేను తగ్గను, అతను పెంచడు. వాచీ ఒణికింది. చూస్తే నూట ముప్పై ఎనిమిది! ఒక్క అడుగు వెయ్యకుండా!

డాక్టరు గారికి చెబితే పగలబడి నవ్వారు. "మీకు ఎక్సర్‌సైజ్ కంటే బేరం ఎక్కువ స్ట్రెస్ ఇస్తోందండీ. నడిచేటప్పుడు ఫోన్ ఇంట్లో వదిలెయ్యండి."

వదిలేశాను. గ్రౌండుకెళ్లి వాచీ మీద పాట గుర్తు నొక్కాను. ఫోను దగ్గర లేదంది. అప్పుడు తెలిసింది, అది పాట పాడదు, ఫోనులో పాటని ఆపడం, మార్చడం మాత్రమే చేస్తుందని. సరే పోనీ అని నడిచాను. పాట లేకపోయేసరికి చెవుల్లో నా గుండె చప్పుడే. దడ్, దడ్. ఒక దెబ్బ తప్పిందా? ఇప్పుడు తప్పిందా? అర రౌండు కూడా పూర్తి చెయ్యలేక ఇంటికొచ్చేశాను. వారం రోజులు గడప దాటలేదు. అంత పిరికివాణ్ని అయిపోయానని సిగ్గుతో ఏడ్చాను కూడా.

నన్ను లేపింది సింహాచలం. సబ్బవరంలో స్కూలు పీఈటీ. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటినుంచీ బావా అని పిలుచుకుంటాం. బంగారు వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి బావా ఇది, తద్దినం వాచీ! నీకు కావలసింది పాటలు దాని కడుపులోనే దాసుకునేది. జీపీయస్ కూడా దాంట్లోనే ఉండాల. అప్పుడు ఫోన్ తోటి పనేటి?"

"సిమ్ ఏసుకునేది ఉంటాదట కదా?" అన్నాను.

"అదెట్టుకుంటే ఒడిశావోడు నీ సేతి మీదే బేరమాడతాడు!"

పద్మతో కలిసి ముగ్గురం వైజాగ్ వెళ్లాం. కొట్టులో కుర్రాడు పెద్ద తెర ఉన్నవి చూపించాడు. ఒకదానికి పాటలున్నాయి గానీ జీపీయస్ పెడితే ఛార్జింగు నిలవదు. ఒకదానికి జీపీయస్ బ్రహ్మాండం, పాటలు లేవు. మూడోదాంట్లో రెండూ ఉన్నాయి గానీ, బొగ్గు రంగు ప్లాస్టిక్‌ది, పక్కన బటన్లు. నేనైతే చేత్తో కూడా ముట్టుకోను. కానీ ఈసారి సింహాచలం మాట విన్నాను. కుర్రాడు దాంట్లో ఒక పాట ఎక్కించాక, నా ఫోన్ ఆపేసి పద్మ చేతికిచ్చి, వాచీ కట్టుకుని, చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని కొట్టు బయటికి నడిచాను. ఫుట్‌పాత్ మీద పాట మోగింది! వైర్లు లేవు, ఫోను లేదు! జీపీయస్ కూడా దొరికింది. అక్కడే చిన్న పరుగు తీస్తే పద్మ వెనకనుంచి, "మెల్లగా, మెల్లగా!" అని అరిచింది.

అదే కొన్నాను. మొదటి రోజే మళ్లీ గుండె ఆగినంత పనైంది. మామూలు నడకకి నూట డెబ్భై చూపించింది. భయపడి మెల్లగా ఇంటికొచ్చేస్తే పద్మ గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. తొంభై ఆరు. సింహాచలానికి ఫోన్ చేస్తే తిట్టాడు. "సైను వాచీలాగ వదులుగా ఏలాడేసేవేటి? మణికట్టు ఎముకకి పైన, బిగించి కట్టు." కట్టాను. సరైన అంకె వచ్చింది.

ఇక ఒంటరిగా వెళ్లడమే మిగిలింది. నలభై నిమిషాల్లో వస్తానని పద్మకి చెప్పాను. చెవిలో పాట మొదలైంది. నడక, జాగింగ్, నడక, జాగింగ్. నూట పది, నూట పదమూడు. నా గుండె చప్పుడు నాకే వినబడటం లేదు! ఎంత హాయి! ఆ హుషారులో టైము మరిచిపోయి సబ్బవరం రోడ్డు పట్టాను. పైకి గట్టిగా పాడుతున్నాను కూడా. వెనకనుంచి ఒక ఆటో వచ్చి ఎదురుగా ఆగింది. అందులో పద్మ. చేతిలో నాలుక కింద పెట్టుకునే మాత్రలు, కాళ్లకి చెప్పుల్లేవు.

"పాటలు పాడతన్నారా? గంట దాటిపోయింది! నానక్కడ సచ్చిపోతన్నానండీ!"

రోడ్డు మీదే ఏడ్చేసింది. నాకు ఎటాక్ వచ్చిన రోజు కూడా ఆమె ఏడవలేదు. ఇద్దరం అదే ఆటోలో ఇంటికొచ్చాం. ఆ రోజునుంచి బయలుదేరేటప్పుడు వాచీలో ఇరవై నిమిషాలకి అలారం పెడుతున్నాను. ఎంత మంచి పాట వస్తున్నా సరే, అది ఒణకగానే వెనక్కి తిరుగుతాను.

ఇప్పుడు స్టెంట్ పడి ఎనిమిది నెలలైంది. మందులు వాడుతున్నాను, ఆస్పత్రిలో బయటపడ్డ షుగర్ కూడా అదుపులో ఉంది. పోయిన ఆదివారం అయిదు కిలోమీటర్లు పూర్తిచేశాను! వీధి మొదట్లోనే అరవాలనిపించింది. పద్మతో చెబుదామని అరుగు దగ్గరికొస్తే అక్కడ ఎవరూ లేరు. కంగారుగా లోపలికెళ్లాను. నిద్రపోతోంది. చిన్న గురక కూడా. నేను బయట పరిగెడుతుంటే ఆమె నిద్రపోగలిగింది! నేను లేపలేదు. ఆమె పక్కన నేల మీద చాలాసేపు కూర్చున్నాను.

స్టెంట్ పడి మళ్లీ నడక మొదలుపెడుతున్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఏ వాచీ కొన్నా, ఎన్ని పాటలు పెట్టుకున్నా, తిరిగొచ్చే టైము ఇంట్లో చెప్పి వెళ్లండి, అయిదు నిమిషాలు ముందే ఇంట్లో ఉండండి.