గోడ మీది ఫొటో

అరకులోని ఒక ఉపాధి శిక్షణ కేంద్రానికి నేను ప్రిన్సిపాల్‌ని. ఏటా పుష్యమాసపు చలిలో, కొత్త బ్యాచ్ చేరే ముందు, సిబ్బందిని కూర్చోబెట్టి గడిచిన ఏడాది గురించి నాలుగు మాటలు చెబుతాను. ఈసారి కూడా మంచి మాటలే రాసుకున్నాను.

మీటింగు రోజు ఉదయం, మా దగ్గర కుట్టుపని నేర్చుకున్న పెదబయలు అమ్మాయి వచ్చింది. ఆమెకు పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం మేమే ఇప్పించాం. నియామక పత్రం పట్టుకుని నవ్వుతున్న ఆమె ఫొటోను పెద్దది చేయించి ఆఫీసు గోడకు పెట్టాం.

"సెలవు మీద వచ్చావా అమ్మా?" అని అడిగాను.

"మానేసి వచ్చేసాను మేడమ్. నాసేత ఒక్కరోజూ మిషను కుట్టించలేదు. పొద్దస్తమానం నిలబడి దారాలు కత్తిరించడమే. ఆ ఫొటో తీసెయ్యండి. దాన్ని సూసి మా ఊరి ఆడగుంటలిద్దరు ఇక్కడ సేరతామంతన్నారు."

మీటింగులో నా కాగితం పక్కన పెట్టి, ఆమె మాటలే చెప్పాను. కుట్టుపని నేర్పే టీచరు, "అడ్మిషన్లు అయ్యేదాకా ఆ ఫొటో ఉండనివ్వండి మేడమ్. బ్యాచ్ నిండకపోతే కేంద్రమే మూసేస్తారు" అంది.

కోప్పడదామనుకున్నాను. కానీ ఆ మాట నా మనసులో అప్పటికే ఉంది. "సరే" అన్నాను.

ఆ వారంలోనే ఆ అమ్మాయిలిద్దరూ వచ్చారు. పక్కన కూర్చుని దరఖాస్తులు నేనే నింపించాను. చలికి వాళ్ల చేతులు వణుకుతుంటే టీ తెప్పించాను. నిజం మాత్రం చెప్పలేదు.