తరుగు రాసిన నిద్ర

ముందు పోయినవి లెక్క కడతాను. రాత్రికి రెండు గంటల చొప్పున తొమ్మిది నెలలకు ఐదు వందల నలభై గంటల నా నిద్ర. లోకల్ రైల్లో కునికిపాట్లు పడుతూ మరిచిపోయిన గొడుగులు రెండు. మా ఆవిడ కుట్టిన పట్టు జాకెట్టు ఒకటి.

జాకెట్టు సంగతి చెప్పాలి. ఉప్పుగూడలో మాది రెండు గదుల ఇల్లు. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నేను పప్పుల హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాను. ఆ లెక్కలు కొట్లోనే నేర్చుకున్నాను. ఆ తొమ్మిది నెలలూ రాత్రి రెండు దాటగానే మెలకువ వచ్చేది. ఫోన్‌లో టైమ్ చూసి, లేవాల్సిన ఐదున్నరలోంచి తీసేసేవాణ్ణి. మూడు గంటల పది నిమిషాలు మిగిలాయి. కాసేపటికి మళ్లీ తీసివేత. మధ్యలో లైటు, మంచినీళ్లు, కిటికీ. చివరికి ఆమెనే అడిగేవాణ్ణి.

"నీకు గూడ నిద్ర పడ్తలేదా?"

"ఇప్పటిదాంక మంచిగనే పట్టింది."

అలా ఆమెకూ రోజుకో గంట పోయేది.

ఒకరోజు పక్క గల్లీ ఆమె జాకెట్టు పట్టుకొని వచ్చింది. "ఏందక్కా, నాకు రెండూ ఎడమ చేతులే అనుకున్నవా?" మా ఆవిడ నవ్వి, గుడ్డ ఖరీదు ఇచ్చి పంపింది. తలుపు వేశాక నవ్వలేదు.

"నిద్ర లేకుంటే నా చేతులు పని చేస్తలేవు. ఇయ్యాల్టి సంది మిషన్ కాడ పండుకుంట."

ఇంట్లో చుట్టాలున్న రోజులు తప్ప మేం వేరుగా పడుకున్నది లేదు. చాప ముందు గదికి పోయింది. లైటు వెలుతురు మాత్రం పరదా దాటి అక్కడికీ పోయేది.

సాయంత్రం చాయ్ మానేశాను. అన్నం తిన్నాక ఛత్రినాక దాకా నడిచాను. కొంత నయమే కానీ మెలకువ ఆగలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో కందిపప్పు బస్తా తూకానికి అరకిలో తక్కువ వచ్చింది. అలవాటుగా 'తరుగు' అని రాశాను. దారిలో రాలిందో, ఎండకు ఆరిందో, ఆ అరకిలో కోసం ఎవరూ వెతకరు. రాసి, తర్వాతి బస్తా తూస్తాం. మరి పోయిన రెండు గంటల కోసం నేనెందుకు రాత్రంతా వెతుకుతున్నాను?

ఆ రాత్రి ఫోన్ బీరువాలో పెట్టాను. మెలకువ వచ్చింది. ఎంత మిగిలిందో తెలియదు. తరుగు అనుకొని చీకట్లో కదలకుండా పడుకున్నాను. నిద్ర రాలేదు. కానీ పరదా అవతల ఆమె కూడా లేవలేదు. తర్వాత్తర్వాత కొన్ని రాత్రులు నిద్ర దానంతటదే వచ్చేది.

కొన్ని వారాలకు ఆమె చాప తిరిగొచ్చింది. "మిషన్ కాడ దోమలు మస్తున్నయ్" అంది. నేను తరుగు సంగతి చెప్పాను.

"నీది నువ్వు రాసుకున్నవ్. మరి నాది?"

"మాఫ్ చెయ్యవా?"

"చెయ్య. ఆయితారం పగటీలి రెండు గంటలు ఇంట్ల సప్పుడు గావద్దు. గట్ల కట్టు."

తరుగు ఒప్పుకోవాల్సింది సరుకు పోయినవాళ్లే. అందుకే ఆదివారం మధ్యాహ్నాలు గడపలో కూర్చుంటాను. గుడ్డలు తెచ్చినవాళ్లను నాలుగింటికి రమ్మంటాను. పన్నెండు ఆదివారాలు అయ్యాయి. బోనాల డప్పులకు లేచిన ఒక్క ఆదివారాన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. ఆ తొమ్మిది నెలల్లో ఆమెకు పోయిన మొత్తం రెండు వందల డెబ్బై గంటల్లో తీరింది ఇరవై రెండు.

ఇవ్వాల్సింది ఇంకా రెండు వందల నలభై ఎనిమిది గంటలు.